అన్న అలల మర

ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. కలిపి చెప్పడం నాకు చేతకాదు కూడా. మా అన్న పెద్దకర్మకు ముందు రాత్రి నా చెవులతో విన్నది విన్నట్టు చెబుతున్నాను. తర్వాత మీ ఇష్టం.

ఏన్కూరు దాటాక అడవి అంచున మా ఇల్లు. అప్పుడప్పుడే మా వైపు సెల్‌ఫోన్లు వస్తున్నాయి. అన్న వడ్రంగి. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఆయన మర ఉండేది. పొడుగాటి బల్ల, దాని మీద అలలు అలలుగా కోసిన ఇనప అచ్చు. చేత్తో పిడి తిప్పితే టేకు పట్టీ ఆ అచ్చు మీద లేస్తూ దిగుతూ బ్లేడు కిందుగా జరుగుతుంది. ఒక్కోసారికి వెంట్రుక మందం పొట్టు లేస్తుంది. అట్లా పూటంతా తిప్పితే పట్టీ మీద అలలు తేలతాయి. ఫొటో ఫ్రేములకు ఆ పట్టీలే. పట్టీ చివరికి వచ్చినప్పుడల్లా, బ్లేడుకు అంటుకున్న పొట్టు రాలడానికి, అన్న వేలి కణుపుతో బల్లను రెండుసార్లు తట్టేవాడు.

గర్ర్... టక్ టక్.

నాకు ఆ అలలు నచ్చేవి కావు. చెక్క చెక్కలా ఉంటే చాలదా అనేవాణ్ని. "అట్లయితే నీ పుస్తకాలకు అట్టలు చింపెయ్ రా," అనేవాడు.

జ్వరమని దవాఖానాకు పోయినవాడు తిరిగి రాలేదు. అప్పటికి ఒక ఫ్రేముకు మూడు పట్టీలు పూర్తి చేశాడు. నాలుగోది మర మీద సగంలో ఉండిపోయింది.

పొద్దున్నే కర్మకు ఫొటో పెట్టాలి. సాదా ఫ్రేము కొనుక్కొస్తానన్నాను. వదిన ఒప్పుకోలేదు.

"ఊరందరికీ అలల ఫ్రేములు కట్టిండు, శీనూ. ఆయనకు బజారు ఫ్రేమా?"

ఆ సాయంత్రం నేనే మర తిప్పాను. బ్లేడు ఎక్కువ దించానేమో, దడదడలాడింది. పట్టీ మధ్యలో చిన్న పెచ్చు లేచిపోయింది. ఇంకా తిప్పితే ఆయన చేసింది కూడా పాడవుతుందని ఆపేశాను. బయటికొచ్చి తలుపుకు గొళ్లెం పెట్టాను. పెట్టాను... అది మాత్రం గట్టిగా చెప్పగలను. నా వల్ల కాలేదని వదినకు చెప్పడానికి నోరు రాలేదు.

కరెంటు పోయింది. వసారాలో పడుకున్నాను. లేచి కూర్చున్నాను. నీళ్లు తాగాను. మళ్లీ పడుకున్నాను. ఏ పక్కకు తిరిగినా కుదరలేదు. ఎప్పుడో...

గర్ర్...

కలేమో అనుకున్నాను. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. చేతికి తగిలింది. కల కాదు.

గర్ర్... గర్ర్... నిదానంగా. తొందర లేని చెయ్యి.

సెల్‌ఫోన్ వెలుతురులో కొట్టం దాకా వెళ్లాను. గొళ్లెం పెట్టే ఉంది. బయటి నుంచి. లోపల పిడి తిరుగుతున్న చప్పుడు. పట్టీ లేస్తోంది... దిగుతోంది... చివరికి వచ్చింది. ఆగింది.

ఊపిరి బిగబట్టాను.

టక్... టక్.

గొళ్లెం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. భయం వేసింది, లేదనను. కానీ తీయకపోవడానికి కారణం అది కాదు. తీస్తే ఆ చప్పుడు ఆగిపోతుందేమో అనిపించింది. అక్కడే గడప పక్కన కూర్చున్నాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

తెల్లారి తలుపు తీశాను. పట్టీ పూర్తయి ఉంది. అలలు లోతుగా దిగాయి. నేను లేపిన పెచ్చు జాడ కూడా లేదు. కింద పొట్టు చుట్టలు చుట్టుకుని పడి ఉంది.

కొట్టానికి వెనక వైపు గోడ బదులు కట్టిన తడిక వదులుగానే ఉండేది. మనిషి దూరొచ్చు. వదిన గుర్తుకొచ్చింది. అన్న అలిసిపోతే పిడి ఆమే తిప్పేది.

ఆమె అప్పుడే లేచి వచ్చి పట్టీని చూసింది. వేలితో అలల మీద రాసింది.

"రాత్రి మంచిగ నిద్ర పట్టింది, శీనూ. ఆయన పోయినంక ఇదే మొదలు. నువ్వు మర తిప్పుతుంటే..." కింద పొట్టు చుట్ట ఒకటి తీసుకుంది. "తట్టుడు గూడ ఆయన లెక్కనే తడ్తున్నవ్."

నేను ఊ అన్నాను. ఆమె అరచేతులు చూద్దామనుకున్నాను. చూడలేదు.

నాలుగు పట్టీలూ బిగించి ఫొటో పెట్టాం. కర్మకు వేళవుతోందన్న తొందరలో ఏది ఎటు వైపు పెట్టానో గుర్తు లేదు. తర్వాత ఎన్నోసార్లు ఆ ఫొటో ముందు నిలబడ్డాను. దగ్గరగా చూశాను, తడిమి చూశాను. ఆ రాత్రి పట్టీ నాలుగింటిలో ఏదో ఇప్పటికీ పోల్చుకోలేను.