ఖాళీ లైన్లోంచి వచ్చిన మాట

దయ్యాలను నేను నమ్మను. ఇది చెప్పాక కూడా నమ్మను. సూర్యాపేటలో కరెంటు పోయినప్పుడల్లా మా మేనత్త పిల్లలందరినీ కూర్చోబెట్టి దయ్యాల ముచ్చట్లు చెబుతుంటే, నేను మధ్యలోనే లేచి వెళ్ళిపోయేదాన్ని. యంత్రాలకు ప్రోగ్రాములు రాయడం నా పని. ఏం జరిగినా దాని కారణం ఎక్కడో ఒక లైన్లో ఉంటుందని నమ్ముతాను.

పోయిన ఎండాకాలం మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లు పని ఒప్పుకున్నాం. మేమంటే నేను, కోదాడలో ఉండే నా స్నేహితురాలు సుష్మ. వడ్లు నానబెట్టే సిమెంటు ట్యాంకుల్లోకి వేడినీళ్ళు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునే చిన్న బోర్డు తయారుచేశాం. ప్రోగ్రాము రస్ట్ అనే కంప్యూటర్ భాషలో రాశాం.

బోర్డులో చోటు తక్కువ. అందుకని లాగింగుకు, అంటే పని నడిచే తీరును రాసి చూపించడానికి, ఎవరో ముందే రాసిపెట్టిన చాలా తేలికైన ప్రోగ్రాము లైబ్రరీ ఒకటి ఎంచుకున్నాను. అది చేసే పని ఒక్కటే. ప్రోగ్రాములో ఎక్కడ ఏ మాట చెప్పమని రాసిపెడితే, పని అక్కడిదాకా రాగానే ఆ మాటను లాప్‌టాప్ తెరమీద చూపిస్తుంది. ఆ మాట మన ఫైల్లో ఎన్నో లైన్లో ఉందో పక్కనే చెబుతుంది. తప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికి అంతకన్నా ఏం కావాలి? మనం రాయని మాట చెప్పడం మాత్రం దానికి చేతకాదు.

బోర్డును మిల్లులో బిగించిన రోజు నేనొక్కదాన్నే వెళ్ళాను, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పరీక్ష మొదలుపెట్టాం. కూలీలంతా బయట నీడకు వెళ్ళారు. షెడ్డులో ఉడికిన వడ్ల వాసన, ఎండ పట్టెల్లో మెల్లగా తేలే ఊక దుమ్ము. బాయిలర్ చప్పుడు జోలపాటలా ఉంది. తెరమీద ఒక్కో లైనూ వస్తుంటే నాకు కళ్ళు బరువెక్కుతున్నాయి. పక్కన ఆపరేటర్ యాదగిరి ఒక్కడే ఉన్నాడు.

మొదటి ట్యాంకు బాగానే నిండింది. రెండోదానికి సిద్ధమయ్యాం. నేను ఎంటర్ నొక్కితే వాల్వు తెరుచుకుంటుంది, మరిగే నీళ్ళు ట్యాంకులోకి దిగుతాయి. ట్యాంకు సిద్ధమని లైను వచ్చింది. ఎంటర్ మీద వేలు పెట్టాను.

అప్పుడు దాని కింద ఇంకో లైను వచ్చింది. మేం తెరమీదికి పంపే మాటలన్నీ ఇంగ్లీషులోనే రాస్తాం. ఇది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాట. "పడుకుంది."

"గిదేంది మేడం, పడుకుంది అంటున్నది?" అన్నాడు యాదగిరి, తెరవైపు వంగి.

యంత్రం మొరాయిస్తే పడుకుంది అంటాం కదా. సుష్మ వేళాకోళానికి రాసి ఉంటుందనీ, సెన్సర్ వైరు ఊడి బోర్డు ఆగిపోయి ఉంటుందనీ అనుకున్నాను. విసుక్కుంటూనే లేచి, వైరు చూద్దామని రెండో ట్యాంకు నిచ్చెన ఎక్కాను.

వైరు బాగానే ఉంది. ట్యాంకు అడుగున, గోనెసంచి పరుచుకుని ఒకావిడ నిద్రపోతోంది.

పైరేకుల సందులోంచి దిగిన ఎండ ఆమె రవికెకు కుట్టిన అద్దాల మీద పడి, లోపలి గోడల నిండా చిన్న చిన్న వెలుగు చుక్కలు. ఆమె ఊపిరి తీసినప్పుడల్లా అవన్నీ ఒక్కసారిగా పైకి జరిగి, మళ్ళీ మెల్లగా కిందికి దిగుతున్నాయి. ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో తెలియదు. కింద నా వేలు ఎక్కడ పెట్టి వచ్చానో గుర్తొచ్చాక యాదగిరిని రమ్మని చెయ్యి ఊపాను.

నా వాలకం చూసి యాదగిరి కూడా ఎక్కాడు. "ఓ కమ్లీ! లెవ్వు! జల్ది పైకి రా!" అని అరిచాడు.

కమ్లి త్రిపురారం వైపు తండా నుంచి పనికొచ్చే మనిషి. ట్యాంకు ఊడవడానికి దిగి, లోపల చల్లగా ఉందని నడుం వాల్చిందట. నిద్రకళ్ళతోనే పైకొచ్చి నన్ను చూసి నవ్వింది.

"ఇంక జర పడుకోనియ్యకపోతివి బిడ్డా. మంచిగ నిద్రపట్టె."

యాదగిరి వేడినీళ్ళ సంగతి చెప్పాడు. ఆమె అక్కడే కూలబడి నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రమే సుష్మకు ఫోన్ చేశాను. "ఒట్టే, నేను రాయలేదు. వేడినీళ్ళ పనిలో అలాంటి వేళాకోళాలు ఆడతానా?" అంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. మా ఫైళ్ళన్నీ వెతికాం, ఆ మాట ఎక్కడా లేదు. లైబ్రరీ చిన్నదే కాబట్టి మొదటి నుంచి చివరిదాకా చదివాను. అందులోనూ లేదు. మెమరీ చెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి గానీ నిండైన తెలుగు మాట రాదు. బోర్డుకు ఇంటర్నెట్ లేదు. బయటివాళ్ళు పంపారనుకోవడానికీ లేదు.

ఆ మాట పక్కన చూపించిన లైను తెరిచి చూశాను. వాల్వు తెరిచే ఆదేశానికి సరిగ్గా పైన ఉన్న ఖాళీ లైను అది.

ఇప్పుడు ఆ మిల్లులో ఎవరో ఒకరు పైకెక్కి లోపల చూసి చెప్పాకే నీళ్ళు వదులుతారు. కమ్లి ఇంకా అక్కడే పనిచేస్తోంది.

నేను కారణం వెతకడం మానలేదు, దొరకనూ లేదు. ఒకటి మాత్రం అనిపిస్తుంది. ఆ మాట ఆగమనలేదు, కాపాడమనలేదు. ఎవరో ఆ చల్లటి ట్యాంకులో ఆమె పక్కనే కూర్చుని, నిద్ర చెడకుండా గొంతు తగ్గించి చెప్పినట్టుంది. ఆ ఎవరో ఎవరన్నది నాకు తెలియదు.