జపానాయన రెండు కుడిచేతులు

వరంగల్ మట్టెవాడలో ప్రభుదాసు రాయని బోర్డు లేదంటే కొంచెం అతిశయోక్తే గాని, మరీ అబద్ధం కాదు. కిరాణా కొట్టుకూ ఆయనే, పళ్లు కట్టే డాక్టరుకూ ఆయనే. చర్చి గోడ మీద వాక్యం రాసిన చేత్తోనే సర్కసు పులికి మీసాలు దిద్దేవాడు. పనిలో దిట్ట. నోట్లో మాత్రం చిటికెడు అబద్ధం లేనిదే పూట గడిచేది కాదు. అవి ఎవరి కొంపా ముంచేవి కావు, పులిహోరలో ఇంగువలాంటివి. పాస్టరుగారు మందలిస్తే, "అబద్ధం గాదు అయ్యగారూ, ఉపమానం జెప్పిన" అని తప్పించుకునేవాడు.

యాభై ఎనిమిదిలో దవాఖానలో పనిచేసే ఒక దొరసాని తన దేశం వెళ్లిపోతూ పెట్టెల మీద పేరు రాయించుకుంది. ఆమె అంతకుముందు కొన్నాళ్లు జపానులో ఉందట. పోతూ పోతూ ఒక బొమ్మల పుస్తకం ప్రభుదాసు చేతిలో పెట్టింది. పాతకాలపు జపాను వాళ్లు చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దిన బొమ్మలవి. నీడ లేదు, వెలుగు లేదు. ఒక గీత, దాని పక్కన ఒక రంగు, అంతే. అయినా వానలో వంతెన దాటుతున్న కూలీలు నిజంగా తడుస్తున్నారు. ఇన్నేళ్లూ బుగ్గబుగ్గకూ నీడలు వేసి చేతులు నొప్పి పెట్టించుకున్నందుకు ప్రభుదాసుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అన్నిటిలోకీ ఆయనకు నచ్చింది ఒక నాటకాలాయన బొమ్మ. కళ్లు రెండూ ముక్కు వైపు తిరిగి ఉంటాయి. మూతి కిందికి వంగి ఉంటుంది. అంగీలోంచి రెండు చేతులూ వేళ్లు చాచి ఎవరి మీదికో దూకబోతుంటాయి. వెనక అంతా అభ్రకం మెరుపు. ప్రభుదాసు ఉడుత వెంట్రుకలతో కుంచె కట్టుకుని, దీపం మసిలో తుమ్మ జిగురు కలిపి, అభ్రకం నూరి, ఆ బొమ్మను పెద్ద అట్ట మీదికి దించాడు. ఇక ఒకటే కోరిక పట్టుకుంది. ఎవరింట్లోనైనా ముందుగదిలో అది వేలాడాలి, ఆ ఇంటివాళ్లు తీరిగ్గా కూర్చుని చూడాలి.

కానీ మన గోడల సంగతి తెలిసిందే కదా. గోడ ఎక్కాలంటే దేవుడైనా అయి ఉండాలి, చచ్చైనా పోవాలి. ఊరికే బాగుందని బొమ్మ పెట్టుకునే అలవాటు ఎవరికుంది? మొదటి దెబ్బ ఇంట్లోనే తగిలింది. భార్య దీనమ్మ బొమ్మను ఒక్కసారి చూసి గోడ వైపు తిప్పి పెట్టేసింది.

"గా గుడ్లు జూసుకుంట అన్నమెట్ల తినాలయ్యా? దుకాణంల వెట్టుకో పో."

దుకాణంలో పెట్టిన వారానికే సున్నం బట్టీ మొగిలయ్య కంటబడింది. ఆయన ఖిలా వరంగల్ దారిలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. గేటు మీద పేరు రాయించుకుందామని వచ్చినవాడు బొమ్మ ముందు ఆగిపోయి, "ఇది నాకు గావాలె" అన్నాడు. ప్రభుదాసుకు ఏనుగెక్కినంత సంబరమైంది. గృహప్రవేశం అయ్యాక ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ చూడబోయాడు.

బొమ్మ గుమ్మం బయట, పైన ఉంది. ఒక పక్క బూడిద గుమ్మడికాయ, ఇంకో పక్క పాత చెప్పు.

"మంచిగ పన్జేస్తాంది ప్రభుదాసన్నా" అన్నాడు మొగిలయ్య మెచ్చుకోలుగా. "నరుని సూపుకు నల్లరాయి పగుల్తదంటరు. ఇప్పుడు తొవ్వల పోయేటోడు దీన్ని జూసి తలకాయ దించుకొని పోతాండు."

ఎంత కడుపు మండినా ఏం లాభం? పైగా దాన్ని చూసి ఇల్లు కట్టుకునే ప్రతివాడూ అలాంటి దిష్టిబొమ్మే కావాలని వచ్చాడు. ప్రభుదాసు మనసు విరిగిపోయింది. చెప్పు పక్కన వేలాడేదానికి ఇంత పనెందుకని, ఒక చెయ్యి ఆకారం అట్టలో కత్తిరించుకుని తిరగేయకుండా రెండు వైపులా అదే పెట్టి గీసి పారేశాడు.

ఆ ఏడు తొలకరికే మొగిలయ్య బొమ్మ కారిపోయింది. జిగురు రంగులు వానకు ఆగుతాయా? కొత్తది కావాలని మొగిలయ్య మళ్లీ వచ్చాడు. ప్రభుదాసు నాలుక దురద పెట్టింది.

"బయట వెట్టినవు గాబట్టే గట్లయిందన్నా. జపానుల దీన్ని ముందుగదిలనే వెడ్తరు. పొద్దుగూకంగ ఇంటి పెద్ద ఎదురుంగ కూసోని, మాట్లాడకుంట జూడాలె. చూసినకొద్దీ దిష్టి దిగుతది."

మొగిలయ్య తల ఊపి, ఆ చెయ్యి అట్టతో గీసిన బొమ్మల్లోంచి ఒకటి తీసుకుపోయాడు. లోపలినుంచి దీనమ్మ, "గిది గూడ ఉపమానమేనా?" అని అడిగింది.

ఉపమానం ఊరంతా పాకింది. గుమ్మాల మీది బొమ్మలన్నీ దిగి ముందుగదుల్లోకి వెళ్లాయి. సాయంత్రాలు ప్రభుదాసు పని లేకపోయినా ఆ వీధుల్లో తిరిగేవాడు. కిటికీల్లోంచి చూస్తే ఇంటి పెద్దలు చేతులు కట్టుకుని బొమ్మల ముందు బుద్ధిగా కూర్చుని ఉండేవారు. నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. నవ్వు తగ్గాక మాత్రం కడుపు నిండినట్టుండేది.

దసరా పోయాక ఒకనాడు మొగిలయ్య బొమ్మను తువ్వాలలో చుట్టి తెచ్చాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. గుట్టు బయటపడిందనుకున్నాడు ప్రభుదాసు. మొగిలయ్య బొమ్మను బల్ల మీద ఆనించి, తన రెండు చేతులూ వేళ్లు చాచి ముందుకు పెట్టాడు.

"ఊకె జూసుడేందని నేను గూడ గీ జపానాయన లెక్క చేతులు వెట్టి జూసిన. కుడిది కుదిరింది. ఎడమది ఎన్ని తీర్ల తిప్పినా కుదురుతలేదు, బొటనేలు అవుతలి దిక్కున్నది. నాకు గాలి సోకిందని మా ఇంటామె కట్టమ్మ ఇంత ఇబూది దెచ్చి పెట్టింది. నాకు గాదు ప్రభుదాసన్నా, గీయనకే రెండూ కుడిచేతులున్నయి."

ప్రభుదాసు చూశాడు. నిజమే. ఇన్ని బొమ్మలు గీసి అమ్మినవాడు ఒక్కదాన్నీ సరిగా చూసుకోలేదు. చెవుల దాకా సిగ్గు ఎక్కింది. ఆ సిగ్గులో అసలు గుట్టు కూడా తనంతట తానే కక్కేశాడు.

"గట్ల కూసోని జూడాల్నన్నది నేను పుట్టిచ్చిన ముచ్చటన్నా. జపానుల అసొంటిదేం లేదు."

"నాకెర్క లేదనుకున్నవా? నీ ముచ్చట్లు మట్టెవాడంత ఎర్కే. దిష్టికి నేను ఎప్పుడో మళ్ల గుమ్మడికాయ కట్టిన." మొగిలయ్య బొమ్మను ముందుకు తోశాడు. "దీనికి మాత్రం చెయ్యి సక్కగ జెయ్యి. రోజు జూసేటోన్ని నేను."

ప్రభుదాసు కుంచె తడిపి, "ఎడమ చెయ్యి గట్లనే వెట్టు అన్నా, కదలకు" అన్నాడు. సున్నానికి కాలి మొద్దుబారిన ఆ బొటనవేలు ఉన్నదున్నట్టు జపానాయనకు వచ్చి చేరింది.

మిగతా ఇళ్లనుంచి కూడా ఎవరైనా కుడిచేతుల తగాదా తెస్తారని ప్రభుదాసు ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఒక్కరూ రాలేదు. అంటే వాళ్లంతా బొమ్మ ముందు కూర్చున్నారే గాని చూడలేదన్నమాట. అందుకని పొద్దుగూకేసరికి ఆయనే మొగిలయ్య ఇంటికి పోయి పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ మాట్లాడకుండా ఆ మొహాన్ని చూసేవాళ్లు. "ఒక్కనికే సోకిందనుకుంటె ఇద్దరికి సోకింది" అని కట్టమ్మ చాయ్ గ్లాసులు పెట్టి పోయేది.