మూడో భాగం అనుకున్నది

నలభై రెండు ఫొటోలు, మూడు సీజన్ల చెరకు తూకం లెక్కలు, మా ఇంటి ఖర్చుల వివరాలు. ఆ ఆదివారం నా ల్యాప్‌టాప్‌లోంచి పోయినవి ఇవి.

ఇరవై ఏళ్ల కిందటి మాట. బోధన్‌లో రైతులకు చెరకు లెక్కలు రాసేవాణ్ణి. నిజామాబాద్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్‌లో లెక్కలకు పాత విండోస్, ఫొటోలకు కొత్త విండోస్ పెట్టుకున్నాను. విండోస్‌లాంటిదే ఇంకోటి, లినక్స్ కూడా నేర్చుకుందామని డిస్క్‌లో మూడో భాగం ఖాళీగా ఉంచాను. ఆ ఆదివారం లినక్స్ సీడీ పెడితే, ఏ భాగంలో ఎక్కించాలని అది అడిగింది, మూడు అని కొట్టాను. అది సున్నా నుంచి లెక్కపెడుతుందని నాకు తెలియదు. దాని మూడు, నా నాలుగు. నేను దాచుకున్నవన్నీ నాలుగో భాగంలోనే ఉన్నాయి, లినక్స్ వాటిని తుడిచేసి అక్కడ ఎక్కింది.

సాయంత్రం పక్కింటి రత్నమ్మక్క చర్చి నుంచి నేరుగా వచ్చింది. క్రిస్మస్‌కు అరువు కెమెరాతో ఆమె బిడ్డవి ఆ నలభై రెండు ఫొటోలూ నేనే తీశాను, అవి నా ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. తర్వాత రెండు నెలలకే ఆ పిల్ల జ్వరంతో పోయింది.

"తమ్మి, రేపు బిడ్డ పేరు మీద ప్రార్థన ఉన్నది. ఫొటో పెద్దగ చేపియ్యాలె. పైసా కూడ లెక్క తప్పనియ్యవు, నీ దగ్గరుంటే బ్యాంకుల ఉన్నట్టే."

జరిగింది చెప్పాను. కుర్చీ జరుపుకుని స్క్రీన్ ముందు కూర్చుంది.

"అన్నీ వద్దు తమ్మి. ఒక్కటి సాలు. కండ్లు మూసుకున్నదైనా సరే."

మర్నాడు ప్రార్థనలో ఖాళీ బల్ల మీద పూలదండ పెట్టారు. లెక్క తప్పితే మళ్లీ కూడుకోవచ్చని అంతవరకు అనుకునేవాణ్ణి. అక్కకు నేను ఇవాళ్టికీ బాకీ ఉన్నది ఒక్క ఫొటో.