ఓడలేమీ లేవు సార్

మొన్న లోవర్ హట్ నుంచి వెల్లింగ్టన్‌కి రైల్లో వస్తుంటే, పక్కన కూర్చున్న మనవరాలు "అమ్మమ్మా, లుక్! నేవీ షిప్!" అని కిటికీలోంచి చూపించింది. బూడిదరంగు ఓడ మెల్లగా హార్బర్‌లోకి వస్తోంది. పిల్లకి ముచ్చటగానే ఉంది. నాకు మాత్రం పాతికేళ్ళ నాటి సిగ్గు గుర్తొచ్చింది.

కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో, మా ఆయనకి ఉద్యోగం దొరికేదాకా, హార్బర్‌కి ఎదురుగా కొండమీదున్న వృద్ధాశ్రమంలో పనిచేశాను. మన ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, డిగ్రీలు పెట్టెలో పెట్టి ఏ పని దొరికితే అది చేసిన రోజులవి. నాకు అప్పగించిన పెద్దాయన బ్రిటిష్ నౌకాదళంలో అడ్మిరల్‌గా రిటైరై, కూతురి దగ్గరికని ఈ దేశం వచ్చినవారు. మీసాలు రాని వయసులో ఓడెక్కి, యుద్ధంలో రెండుసార్లు ఓడ మునిగినా బతికి బయటపడి, మెట్టుమెట్టుగా అంత పెద్దవాడైన మనిషికి చివరికి చూపు పోయింది. రోజూ పొద్దున్న టీ ఇచ్చేటప్పుడు గాలి ఎటు వీస్తోందో, రేవులో ఏ ఓడలున్నాయో నేను చూసి చెప్పాలి. ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని వినేవారు. కుర్రతనంలో ఒకసారి కాపలా కాస్తూ, చూడకుండానే ఏమీ లేదని చెప్పారట. కెప్టెన్ తిట్టలేదట, మళ్ళీ ఎన్నడూ ఆయన్ని అడగనూ లేదట. అంతకన్నా తిట్టినా బాగుండేదని నవ్వేవారు.

ఒక వారం వాళ్ళ దేశపు యుద్ధనౌక వస్తుందని తెలిసింది, ఏ రోజో మాత్రం తెలీదు. కోటు ఇస్త్రీ చేయించి, పతకాలు తుడిపించి, అది వచ్చేవేళకి కిటికీ దగ్గర నిలబడి సెల్యూట్ చేస్తానని, ఇదే తన ఆఖరి సెల్యూట్ అని రోజూ చెప్పేవారు. నాలుగో రోజు బస్సు తప్పిపోయి, ఆ పాడు గాలికి గొడుగు విరిగి, ఆలస్యంగా పరిగెత్తుకొచ్చిన నేను, నా మొహం మండ, తెర కూడా తీయకుండా "ఓడలేమీ లేవు సార్" అనేశాను.

మధ్యాహ్నం రేడియో వార్తల్లో చెప్పారు, ఓడ సరిగ్గా ఆ వేళకే వచ్చి, కాసేపు ఆగి వెళ్ళిపోయిందని. ఇద్దరం విన్నాం. ఆయన రేడియో కట్టేయమన్నారు, కోటు అలమారులో పెట్టేయమన్నారు. నేను ఏడుస్తూ క్షమించమన్నాను. "ఫర్వాలేదు, మై డియర్" అన్నారు.

మర్నాడు టీ అందుకుని థాంక్స్ చెప్పారు. గాలి సంగతి అడగలేదు. పోయేవరకూ మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు ఏ ఓడ ఎక్కడుందో ఫోనే చెప్పేస్తుంది, ఒకరి కళ్ళని ఇంకొకరు నమ్ముకునే అవసరమే లేదు. అయినా రైలు ఆ నీళ్ళ పక్కకి రాగానే నా తల అటే తిరుగుతుంది. మొన్న కూడా, మనవరాలికి వినపడకుండా, "ఓడ వచ్చింది సార్" అన్నాను. అడిగేవారు లేరు.