గోడ చాటు పొగ

యాలాల్ ఊరి గాలి సంగతి చెప్తే మీరు నమ్మరు. కొడంగల్ పోదామని బయలుదేరిన కాకి ఆ గాలికి వెనక్కి కొట్టుకుపోయి, టికెట్ లేకుండా తాండూరు స్టేషన్లో దిగేదట. ఆ గాలి గుణం తెలిసినవాడు గొర్రెల దేవప్ప. అతని మంద రోగమొచ్చి పోయింది. భార్య బుగ్గమ్మ అంతకు ముందే పోయింది. మాట్లాడే మనిషి లేక అతను గాలితోనే మాట్లాడేవాడు.

1964లో కంది చేలకు పురుగుమందు చల్లడానికి ఒక కంపెనీ చిన్న విమానం తెచ్చింది. అది దిగడానికి ఊరి బయట బీడులో బాట చదును చేసి, దేవప్పను కాపలా పెట్టారు. బాట మీదికి పశువులు రాకూడదు. విమానం మోత వినగానే పిడకలు రాజేసి పొగ పెట్టాలి. పొగ ఎటు వాలితే గాలి అటు పోతున్నట్టు. విమానం గాలికి ఎదురుగానే దిగాలి. గాలి వెనక నుంచి తోస్తే బాట చాలదు.

విమానం నడిపేవాడు విశ్వేశ్వర్, వికారాబాద్ షావుకార్ల పిల్లవాడు. దిగగానే వచ్చి దేవప్ప పక్కన కూర్చునేవాడు.

"ఏం దేవప్పా, ఏమంటున్నది నీ గాలి?"

"మీ దుకాణంల తరాజు తీరు సారూ, ఒక్క దిక్కుకే వాలుతున్నది."

విశ్వేశ్వర్ పడీ పడీ నవ్వేవాడు. దేవప్పకు రోజు మొత్తంలో దొరికే మనిషి అలికిడి అంతే.

ఒకనాడు తూర్పు గాలి విసురుగా ఉంది. బీడంతా ఎండుగడ్డి. గొర్రెలకాపరి గాలిలో నిప్పును ఆరుబయట పెట్టడు; ఒక్క రవ్వ ఎగిరితే మేత బుగ్గి. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ దేవప్ప పిడకలను బాట పక్కనున్న నాపరాళ్ల గోడ చాటున రాజేశాడు. గోడ దాటిన పొగను గాలి చెదరగొట్టి ఊడ్చేసింది. పైనుంచి కనబడింది గోడ చాటున నిటారుగా నిలబడ్డ పొగ ఒక్కటే.

గాలి లేదనుకుని విశ్వేశ్వర్ తూర్పు నుంచి దిగాడు. దేవప్ప చేతులూపుతూ పరుగెత్తాడు. గాలి వెనక నుంచి తోయడంతో విమానం బాట దాటి, కంది చేలో దూరి, గట్టుకు తగిలి బోర్లా పడింది. విశ్వేశ్వర్ కాలు విరిగింది.

వారానికి విచారణ ఆఫీసరు తాండూరు బంగళాలో దిగాడు. పైలట్‌దే తప్పని రాస్తే విశ్వేశ్వర్‌ను మళ్లీ ఎగరనివ్వరని ఊళ్లో అనుకున్నారు. ఎవరూ పిలవకుండానే దేవప్ప అక్కడికి నడిచి వెళ్లాడు. కట్టు కట్టిన కాలు చాపుకుని విశ్వేశ్వర్ అక్కడే ఉన్నాడు.

"తప్పు నాది సారూ. పొగ గోడ చాటుకు వెట్టిన," అన్నాడు దేవప్ప ఆఫీసరుతో.

"నీ నౌకరీ పోతది, ఎరుకేనా?"

"పోనీయుండ్రి. గా పిలగానిది ఉండనీయుండ్రి."

విశ్వేశ్వర్ అడ్డొచ్చాడు. "వద్దు సార్. ఒక్క చుట్టు తిరిగి జొన్న చేను ఎటు వంగిందో చూస్తే తెలుస్తుండె. ఆకలైతున్నదని ఆగమాగం దిగిన."

"గట్లెందుకంటవు సారూ?"

"నువ్వు నేల మీదున్నవు దేవప్పా. దిగింది నేను."

ఆఫీసరు ఇద్దరి మాటా రాసుకుని, కొత్త నియమాలు పెట్టాడు. ఇకమీదట పొగ చుట్టూ గడ్డి చెక్కి ఆరుబయటే పెట్టాలి. చుట్టు తిరగకుండా ఎవరూ దిగకూడదు. దేవప్ప కొలువు నిలిచింది. విశ్వేశ్వర్‌ను తప్పించారు.

కొత్త పైలట్ నియమం తప్పేవాడు కాదు. ఒక చుట్టు తిరిగి, గాలికి ఎదురుగా నున్నగా దిగి, ఇంజను ఆపకుండానే మందు నింపించుకుని ఎగిరిపోయేవాడు. పంట చేతికొచ్చేదాకా ఒక్క ప్రమాదమూ లేదు. దేవప్ప పేరేమిటని కూడా అతను అడగలేదు.