కారు షెడ్డులో అన్నయ్య బల్ల

మొన్న ఆదివారం పొద్దున్నే మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. వాడు మధురవాడలో ఏదో ఆఫీసుకు క్యాబ్ నడుపుతాడు, సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడే వాడికి బంధువులు గుర్తొస్తారు, పచ్చలైటు పడేలోగా చెప్పవలసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. వాళ్ళ నాన్నను డాక్టరుకు చూపించాడట, మోకాళ్ళలో గుజ్జు బొత్తిగా అరిగిపోయిందన్నారట, ఇకమీదట కింద కూర్చుని చెక్కపని చేయడానికి వీల్లేదన్నారట. "నాన్న నా మాటినడు సిన్నాన్నా, నువ్వైనా సెప్పు" అని పెట్టేశాడు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని కారు షెడ్డులోకి వెళ్ళి, గోడ వారగా ఉన్న పనిబల్లను చూస్తూ నిలబడిపోయాను. కాఫీ చల్లారిపోయింది. మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగితే, అన్నయ్యకు మోకాళ్ళ నొప్పులట అన్నాను గానీ, నా గుండెలో గుచ్చుకున్నది అది కాదని ఆవిడకూ తెలుసు.

నా ఈడు విశాఖ వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, తరవాత పుట్టినవాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. ఇప్పుడు స్టీలు ప్లాంటు ఉన్న చోట ఒకప్పుడు మా ఊళ్ళుండేవి. మా ఇల్లు, మెట్ట చేను, జీడితోట, సముద్రపు గాలికి ఒకవైపే ఒంగిపోయిన సరుగుడు చెట్లు, అన్నీ ఫ్యాక్టరీ కిందికి పోయాయి. ఇల్లూ భూమీ పోయిన కుటుంబానికో కార్డు, కార్డుకో ఉద్యోగం అన్నారు. మా ఇంట్లో కార్డు ఒకటి, కొడుకులం ఇద్దరం. పెద్దవాడు గనుక అన్నయ్యే వెళతాడని ఊరంతా అనుకుంది, మా నాన్నా అదే మాట మీద ఉన్నాడు, అన్నయ్య ఒక్కడే కాదన్నాడు. నేను పదో తరగతి పాసయ్యాను కాబట్టి నేనెళితే మిషన్ల దగ్గర వేస్తారని, తానెళితే గోతులు తవ్విస్తారని, గోతులు తవ్వుకోవడానికి ఫ్యాక్టరీ దాకా దేనికని నవ్వుతూ తేల్చేశాడు. ఆ మాటలు జరుగుతున్నప్పుడు నేను గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను. నువ్వెళ్ళు అన్నయ్యా అని, మాటవరసకైనా, ఒక్కసారి అనలేదు. అనాలని తోచక కాదు, అంటే నిజంగానే వెళ్ళిపోతాడేమోనని భయం.

చెప్పకూడదు గానీ, ఆ ఉద్యోగం నాకు భలే నచ్చింది. రోలింగు మిల్లులో వేశారు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మె ఒక పక్క రోలర్ల మధ్యకు దూరి, రెండో పక్కన సన్నగా సాగి పరుగెత్తుకు రావడం చూసిన మొదటి రోజు నేను టీ తాగడం కూడా మరిచిపోయాను. గోదావరి జిల్లాల నుంచీ కృష్ణా నుంచీ వచ్చిన కుర్రాళ్ళతో స్నేహాలు, క్యాంటీనులో వేడివేడి ఉప్మా, షిఫ్టు బస్సులో కిటికీ పక్క సీటు కోసం కొట్లాటలు, ఇదంతా నాకు పెద్ద పండగలా ఉండేది. కానీ ఊరు పోయాక మాకిచ్చిన కాలనీలో బస్సు దిగి మా ఇంటి మలుపు తిరిగేసరికి నా ముఖం దానంతటదే వేలాడిపోయేది. అక్కడ అన్నయ్య ఉంటాడు మరి. అతని ముందు నా సంతోషం చూపించడం, ఆకలితో ఉన్నవాడి ముందు కూర్చుని తినడంలా అనిపించేది. అందుకని అతను అడగకముందే, అబ్బో ఒకటే వేడి అన్నయ్యా, ఒళ్ళు ఉడికిపోతోంది, ఏదో ఇలా నెట్టుకొస్తున్నాను అనేవాణ్ణి. అలా అంటే తాను పోగొట్టుకున్నది పెద్ద గొప్పదేం కాదని అతనికి ఊరటగా ఉంటుందని నా లెక్క. ఒకసారి మొదలుపెట్టిన పాట మార్చడం కష్టం, ఏళ్ళ తరబడి అదే పాడాను.

అన్నయ్య మొదట సెంట్రింగు పనికి వెళ్ళాడు, ఆ చెక్కల మధ్య తిరుగుతూ తిరుగుతూ తలుపులూ కిటికీలూ చేయడం నేర్చుకున్నాడు. పొద్దున్నే కూలీలందరితో పాటు జంక్షన్లో నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట వెళ్ళేవాడు. పనంతా నేల మీదే, గొంతుక్కూర్చుని, చెక్కను ఒక పాదం కింద అదిమిపెట్టి చిత్రిక పట్టేవాడు. నేను షిఫ్టు బస్సులో పోతూ జంక్షన్లో అతన్ని చూసిన రోజులున్నాయి. అతను చెయ్యి ఊపేవాడు. నేను కూడా ఊపేవాణ్ణి, తరవాత చూపు తిప్పుకునేవాణ్ణి.

కొన్నేళ్ళకు కూర్మన్నపాలెం దగ్గర ఇల్లు కట్టుకున్నాను. కారు కొనే ఆలోచన కూడా లేని రోజుల్లో కారు షెడ్డు వేయించానని మా వదిన చాలాకాలం ఏడిపించేది. నిజానికి ఆ షెడ్డు కారు కోసం కాదు. అక్కడొక గట్టి పనిబల్ల వేయించి, తాళంచెవి అన్నయ్య చేతిలో పెట్టి, ఇక జంక్షన్లో నిలబడకు, నీడపట్టున నీ పని నువ్వు చేసుకో అని చెప్పాలని నా కోరిక. ముందే చెబితే రంపం ముట్టుకోడని తెలుసు. అందుకని, షెడ్డులో ఒక బల్ల ఉంటే బాగుండును అన్నయ్యా, నాకు తోడొస్తావా అని మాత్రమే అడిగాను. మర్నాడే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు.

నా వారపు సెలవులన్నీ ఆ బల్లతోనే గడిచాయి. కాళ్ళకు మా పాత ఇంటి దూలం వాడాం. ఊరు ఖాళీ చేసినప్పుడు నాన్న విప్పించి తెచ్చిన మద్ది దూలం అది, కాలనీ ఇంటి వెనక ఎండకు ఎండి వానకు తడిసి నల్లబడి పడి ఉండేది. పైన రంపం పెట్టగానే లోపల ఎర్రగా, నిన్న కొట్టిన చెట్టులా బయటపడితే, అన్నయ్య దాన్ని వాసన చూసి నా ముక్కు దగ్గర కూడా పెట్టాడు. పైపలకల కోసం పోర్టు వైపు పాత చెక్కల అడితికి వెళ్ళాం. ఓడల్లో సరుకు కదలకుండా కింద పరిచే మందపాటి చెక్కలు అక్కడ గుట్టలుగా అమ్మేవారు, ఏ దేశపు అడవిలో పెరిగాయో గాని, అన్నయ్య ఒక్కొక్కదాన్ని కొబ్బరికాయను తట్టినట్టు తట్టి, చెవి పెట్టి విని ఏరాడు. కాళ్ళలో తొర్రలు తొలిచి అడ్డచెక్కలు బిగించాడు, మేకు కొట్టనివ్వలేదు, మేకు వదులవుతుంది గానీ చెక్కలో దూరిన చెక్క వదలదన్నాడు. నేను రంపం రెండో కొస పట్టుకోవడం, పొట్టు ఊడ్చడం, టీ మోసుకురావడం చేసేవాణ్ణి. వదిన చేపల పులుసు తెచ్చిన రోజున పని సగంలో ఆగిపోయేది. ఒకరోజు నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, నడుము దగ్గర బొగ్గుతో గీత గీశాడు. ఎవరిదో ఒకరి కొలత కావాలి కదా అనుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు. నా జీవితంలో అంత తేలిగ్గా ఊపిరి తీసుకున్న రోజులు అవే. బాకీ తీర్చేస్తున్నాననుకున్నాను.

బల్ల పూర్తయిన రోజు ఇద్దరం ఎక్కి తొక్కినా కిర్రుమనలేదు. అప్పుడు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి, నా మనసులో మాట చెప్పాను. అన్నయ్య ముందు అర్థం కానట్టు చూశాడు, తరవాత పగలబడి నవ్వాడు.

"నాకేటికిరా ఇది? నీకని కదా సేసినాను. కావాలంటే సూడు" అని బల్ల పక్కన నిలబడ్డాడు. అతను నాకన్నా పొట్టి. బల్ల అతని పొట్ట మీదికి వచ్చింది. "నాను కింద కూకుంటే గాని సెక్క నా మాటినదు. నువ్వు పొద్దల్లా ఆ మంటల్లో ఉండొత్తావు, ఇంటికాడ సల్లగా ఏదో ఒకటి సేసుకుంటావని నీ నడుంకి కొలత తీసినాను."

తాళంచెవి నా జేబులో వేసి సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇవ్వబోయిన చోట కూడా మళ్ళీ పుచ్చుకున్నవాణ్ణి నేనే అయ్యాను. ఆ బల్ల మీద నేను చేసిందేమిటంటే, ఒక కాలు ఎగిరే పీట ఒకటి. తరవాత మా ఆవిడ వడియాలు ఆరబోసింది, పిల్లలు క్యారమ్ బోర్డు పెట్టుకున్నారు. చివరికి కారు కొన్నాక కూడా బల్ల కదలక, కారే వీధిలో ఉంటోంది. ఆ షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా నాకు సిగ్గేసేది, దొంగసొత్తు దాచుకున్నట్టు ఉండేది.

ఇదంతా తలచుకుని, ఫోన్ వచ్చిన రోజు సాయంత్రమే కాలనీకి వెళ్ళి అన్నయ్యను కారెక్కించుకు వచ్చాను. దారంతా డాక్టర్ని తిడుతూనే ఉన్నాడు. షెడ్డులో బల్ల ముందు నిలబెట్టి, దీని కాళ్ళు కోసేసి నీ ఎత్తుకు దించుతానన్నాను. ససేమిరా అన్నాడు, కొలత చెడిపోతుందన్నాడు. నేను వినకపోయేసరికి, ఏదీ నువ్వు నిలబడు అన్నాడు. నిలబడ్డాను. వయసుకు నేనూ కుంగాను, వీపు కూడా ఒంగింది, బల్ల ఇప్పుడు నాకూ ఎత్తే. అది చూసి అన్నయ్య చిన్నపిల్లాడిలా నవ్వి, సరే కొయ్యమన్నాడు. ఈసారి అతన్ని గోడకు ఆనించి నేను గీత గీశాను. మద్ది చెక్క మొండిది, ఇద్దరం మార్చి మార్చి రంపం లాగాం, ఆయాసపడ్డాం, ఆఖరికి బల్ల దిగింది. అన్నయ్య ఒక చెక్కముక్క బిగించి, నిలబడి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. మొదట చెయ్యి తడబడింది, కాసేపటికి పొట్టు చుట్టలు చుట్టలుగా లేవడం మొదలైంది.

చిత్రిక పడుతూనే, తల ఎత్తకుండా అడిగాడు. "ఒరే, ఆ ప్లాంటులో ఉజ్జోగం ఎలగుండీదిరా?"

ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఆ ప్రశ్న అతను అడగలేదు. పాత పాటే పెదవి దాకా వచ్చింది. కానీ అతని కొలతకు దిగిన బల్ల ముందు, ఆ మోకాళ్ళ ముందు, ఇక అబద్ధం రాలేదు. బాగుండేదన్నయ్యా అన్నాను. చాలా బాగుండేదన్నాను. ఇనుము పరుగెత్తి రావడం, బస్సులో పాటలు, అందరం కలిసి భీమిలి వెళ్ళి ఇసకలో వండుకు తినడం, మొదటిసారి నా చేత్తో మిల్లు ఆపి మళ్ళీ నడిపించినప్పుడు మా ఇంజనీరు భుజం తట్టడం, గడగడా చెప్పుకుపోయాను. చెబుతూ ఏడ్చాను కూడా. నువ్వు బాధపడతావని చెప్పలేదన్నాను.

అన్నయ్య చిత్రిక ఆపేశాడు.

"మరి ఇన్నేళ్ళూ సెప్పలేదేటిరా" అన్నాడు. "నువ్వొచ్చినప్పుడల్లా ఆ ముకం సూసి, సిన్నోణ్ణి నా సేతుల్తో నిప్పుల్లోకి తోసీసినాను గావాల అనుకునీవోణ్ణి. మీ వదినకాడ కూడా ఎప్పుడూ అన్లేదు. ఈ బల్ల కూడా అందుకే సేసినాన్రా."

అతను చేసిన త్యాగానికి నేను ఇవ్వగలిగింది బల్లలూ షెడ్లూ కాదు, ఆ ఉద్యోగం నాకు నచ్చిందన్న ఒక్క మాట. ఆ మాటనే దాచుకున్నాను, అదీ అతని మంచి కోసమే అనుకుంటూ.

ఇప్పుడు మా ఊరు లేదు, కాలనీలో మా ఈడు వాళ్ళు తగ్గిపోయారు, షిఫ్టు బస్సు పోయే జంక్షన్ మీద వంతెన వచ్చింది. మనుషులు ఒకరి సంతోషం ఒకరికి ఫోటోలు తీసి మరీ పంపించుకుంటున్నారు, మేమిద్దరం మాత్రం ఒకరినొకరం కాపాడుకుంటున్నామనుకుని బతుకంతా గొంతు నొక్కుకున్నాం. అన్నయ్య రోజూ సాయంత్రం వస్తున్నాడు. చిత్రిక పడుతూ, ఆ మిల్లు సంగతి ఇంకా చెప్పరా అంటాడు. చెబుతాను, చెప్పడానికి ఎంతో ఉండాలి, కానీ సగం మరిచిపోయాను.