గడ్డిమంట దగ్గర వదిలేసిన డప్పు

వీధి చివర ఎవరో వరిగడ్డి కాలుస్తున్నారు. ఆ పొగ వాసన తగిలితే నాకు తొర్రూరులో ఒక సాయంత్రం గుర్తొస్తుంది. ఆ రోజు సాంబయ్య కాక డప్పును నేనే చీల్చాను. అంతకంటే పెద్ద తప్పు, దాన్ని దాచాను.

సాంబయ్య కాక నాకు చుట్టం కాదు. హనుమకొండలో మా పక్కింట్లో కిరాయికి ఉండేవాడు. కిన్నెర, పిల్లనగ్రోవి, డప్పు, ఏది చేతికిస్తే అది పలికించేవాడు. ఆఫీసు అయ్యాక ఆయన దగ్గర నేర్చుకునేవాణ్ణి. ముప్పై దాటిన నాకు ఏడాదిపాటు తాళాలు తప్ప మరొకటి ఇవ్వలేదు. "ముందు వినుడు నేర్చుకో బిడ్డా, వాయించుడు దాని ఎనక అదే వస్తది" అనేవాడు.

తొర్రూరు మార్కెట్ పక్కన చిన్న హాల్లో ఆ రోజు ఆయన కచేరీ. జనం ఎదురుచూసేది చివర్లో వచ్చే డప్పు కోసమే. ముసురు పట్టింది. తోలు మెత్తబడితే డప్పు పలకదు, గడ్డిమంట దగ్గర తిప్పుతూ కాచాలి. ఆ పని మొదటిసారి నాకు అప్పగించాడు. "చెయ్యి అడ్డం పెట్టి చూస్కో. నీకు సుర్రుమంటే దానికీ సుర్రుమన్నట్టే" అని చెప్పి లోపలికి వెళ్లాడు. నేను వీడియో తీసుకుందామని డప్పును మంట పక్కన రాయికి ఆనించి, ఫోన్ పట్టుకుని వెనక్కి జరిగాను. ఇంకా సరిచూసుకుంటుండగానే టప్పుమంది. తోలు జానెడు చీలింది.

గుడ్డలో చుట్టి లోపలికి తీసుకెళ్లాను. "కాగిందా?" అని అడిగాడు కాక.

"కాగింది కాక" అన్నాను.

వేదిక మీద గుడ్డ విప్పి, చీలిక చూసి, ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత డప్పును జనానికి చూపించాడు. "దీనికి నా లెక్కనే పండ్లూడినయ్. ఇయ్యాల బోసినోటితోనే మాట్లాడుతది, జర చెవులు పెట్టున్రి." అందరూ నవ్వారు. ఆయన రెండు పుల్లలతో చెక్క చట్రం మీదే దరువు అందుకున్నాడు. కాసేపట్లో హాలంతా చప్పట్లతో దరువేస్తోంది. నాకు ఊపిరి తిరిగొచ్చింది. వెనకే సిగ్గూ వచ్చింది.

వరంగల్ బస్సులో అంతా చెప్పేశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు.

"తోలు పోతే ఇంకో తోలు ఎక్కిస్తం. ముందుగాల చెప్తే కిన్నెరతోనే ముగిస్తుంటి గదా. అంతమందిల నన్ను గుడ్డ విప్పనిచ్చినవ్, గదే పానం సివుక్కుమన్నది." పల్లీల పొట్లం నా వైపు జరిపాడు. "తిను. పొద్దటి సంది ఏం తినకపోతివి."

ఆ ఆదివారం మట్టెవాడలో డప్పులు బిగించే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల జిగురు ఉడకబెట్టాను. మొదటి తోలు ముడతపడింది. దాన్ని అట్లాగే తీసుకెళ్లి కాకకు చూపించాను. "చూపెట్టినవ్ గదా, మంచిది. మళ్ల బిగియ్" అన్నాడు. రెండోది ఆరాక, ఫోన్ ఇంట్లో వదిలేసి, కాక వాకిట్లోనే గడ్డి అంటించి, అరచేయి అడ్డం పెట్టి కాచాను. ఆ వేడి నా చేతికి ఇప్పటికీ గుర్తుంది.

ఆయన డప్పు అందుకుని, వేలితో ఒక్కసారి తట్టి, తిరిగి నా చేతుల్లోనే పెట్టాడు.

"మొదటి దెబ్బ నువ్వే కొట్టు బిడ్డా."

కొట్టాను.